నలుగురితో గడిపే సెలవుకు నగరంలో హోటల్ ఎక్కడ ఉండాలి?

బుకింగ్ సైట్లలో హోటల్ పేరు కింద చిన్న అక్షరాలతో కనిపించే ‘సిటీ సెంటర్‌కు 1.2 కిలోమీటర్లు’ అనే మాట చూసి గది ఖాయం చేసుకునేవారు ఎక్కువ. ఆ సెంటర్ ఎక్కడుందో, దాన్ని దేనికోసం గుర్తించారో ఆరా తీసేవారు తక్కువ. లండన్‌కు దూరాలను ఆనవాయితీగా లెక్కించేది చేరింగ్ క్రాస్ దగ్గరున్న ఒకటో చార్లెస్ రాజు అశ్వారూఢ విగ్రహం నుంచి. మాడ్రిడ్‌లో ఆ పాత్ర ప్యుయెర్తా దెల్ సోల్ కూడలిలోని సున్నా కిలోమీటరు పలకది, పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి ముంగిట నేలలో పొదిగిన పలకది. ఇవి రహదారుల లెక్క కోసం ఏర్పడిన గుర్తులు. ఆ ఊరి జనం సాయంత్రాలు ఎక్కడ కలుసుకుంటారనే ప్రశ్నకు వీటిలో కొన్ని మంచి జవాబే ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. సైటు తన మ్యాపులో పెట్టుకున్న కేంద్రం ఈ గుర్తే కావాలన్న నియమం కూడా లేదు.

కట్టడాలు, మ్యూజియాలు చూసి రావడమే పనిగా పెట్టుకున్న ప్రయాణంలో ఈ అస్పష్టత పెద్దగా ఇబ్బంది పెట్టదు. పొద్దున బయల్దేరి చీకటి పడ్డాక తిరిగొచ్చేవారికి హోటల్‌తో రోజుకు ఒక్కసారే పని. మనుషుల కోసం వెళ్లే సెలవు తీరు వేరు. వేర్వేరు ఊళ్లలో స్థిరపడిన పాత మిత్రులు ఒకచోట కలవడం, ఆ నగరంలోనే ఉంటున్న బంధువులతో నాలుగు రోజులు గడపడం, ఒంటరిగా వెళ్లి కొత్త పరిచయాలు వెతుక్కోవడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఆలస్యంగా లేస్తారు, మధ్యాహ్నం ఎవరినో కలుస్తారు, గదికి వచ్చి కాసేపు నడుం వాల్చి బట్టలు మార్చుకుంటారు, సాయంత్రం మళ్లీ బయటికి వెళ్లి రాత్రి ఎప్పుడో తిరిగొస్తారు. అంటే రోజుకు రెండు మూడు సార్లు హోటల్‌కు రావడం, పోవడం తప్పదు. పైగా చూడదలచిన కట్టడం రేపు కూడా అక్కడే ఉంటుంది. ‘మేమందరం ఇక్కడే ఉన్నాం, నువ్వూ వచ్చెయ్’ అని ఫోన్ చేసిన స్నేహితులు మాత్రం గంటల తరబడి అక్కడే కూర్చోరు.

అందువల్ల ఇలాంటి సెలవులో హోటల్ స్థానాన్ని ఉదయపు మొదటి గంటతో కాకుండా రాత్రి చివరి గంటతో కొలవడం మేలు. రాత్రి పదకొండున్నరకు ఏడుగురు మిత్రులు ఒక రెస్టారెంట్ గుమ్మం బయట నిలబడి ఉన్నారనుకుందాం. ఐదుగురి బస ఆ వీధి చివరనే, ఇద్దరిది నగరం అవతలి అంచున. ఆ ఇద్దరిలో ఒకరు అప్పటికే రెండుసార్లు ఫోన్ తీసి క్యాబ్ యాప్ చూసి లోపల పెట్టారు. మాటల మధ్య క్యాబ్ వస్తుంది, వారు వెళ్లిపోతారు. మిగిలిన ఐదుగురూ నెమ్మదిగా నడుచుకుంటూ బయల్దేరి, దారిలో ఒకచోట ఆగి, హోటల్ లాబీలో మరో గంట కూర్చుంటారు. మర్నాడు అందరూ గుర్తు చేసుకునే మాటలు చాలావరకు ఆ గంటలోవే అయి ఉంటాయి. దూరంగా దిగినవారు పోగొట్టుకున్నది క్యాబ్ ఛార్జీ ఒక్కటే కాదు. రాత్రి తొమ్మిది దాటిన దగ్గర్నుంచీ వారి ధ్యాస తిరుగు ప్రయాణం మీదే ఉంది.

మనుషుల కలయికలో దూరం పాత్ర ఎంతన్నది సామాజిక మనస్తత్వశాస్త్రంలో పాత ప్రశ్నే. లియాన్ ఫెస్టింజర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బాక్ అనే పరిశోధకులు అమెరికాలోని ఎమ్‌ఐటీ విద్యాసంస్థకు చెందిన వెస్ట్‌గేట్ నివాసాల్లో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో పరిశీలించి, 1950లో ఫలితాలను ప్రచురించారు. పక్క గుమ్మం వారిని దగ్గరి స్నేహితులుగా పేర్కొన్న సందర్భాలు 41 శాతం ఉండగా, అదే అంతస్తులో రెండు చివర్ల ఉన్నవారి విషయానికి వచ్చేసరికి అవి 10 శాతానికి పడిపోయాయి. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి మెట్లది. కింది అంతస్తులో మెట్ల పక్కన ఉన్నవారికి పై అంతస్తు స్నేహితులు ఎక్కువగా ఏర్పడ్డారు, ఎందుకంటే పైవారంతా వారి గుమ్మం ముందునుంచే ఎక్కి దిగేవారు. కొలతబద్దతో చూసే దూరం కన్నా దారులు ఎలా కలుస్తున్నాయన్నది ముఖ్యమని దీని తాత్పర్యం. నెలల తరబడి కాపురమున్నవారి మీద చేసిన పరిశీలనను నాలుగు రోజుల సెలవుకు యథాతథంగా అన్వయించలేం. అయినా తక్కువ వ్యవధి ఉన్నవారికి అనుకోకుండా ఎదురుపడే అవకాశం మరింత విలువైనదే అవుతుంది తప్ప తగ్గదు.

చూడదగ్గ స్థలాలకు దగ్గర, మనుషులకు దగ్గర అనేవి రెండు వేర్వేరు దగ్గరలని తెలుసుకోవడానికి ఇస్తాంబుల్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయా సోఫియా, నీలి మసీదు, తోప్‌కాపి ప్రాసాదం మూడూ సుల్తానహ్మెత్ ప్రాంతంలో ఒకదానికొకటి నడక దూరంలో ఉంటాయి. మొదటిసారి వెళ్లేవారు సహజంగానే అక్కడే బస వెతుకుతారు, పగటివరకు అది తప్పేమీ కాదు కూడా. కానీ సందర్శన వేళలు ముగిసి, టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఆ ప్రాంతం సద్దుమణుగుతుంది. ఊరి సాయంత్రం గోల్డెన్ హార్న్ జలపాయకు అవతల, కరాకోయ్ నుంచి బెయోలూ దాకా ఎగబాకే వీధుల్లోనూ, వాహనాలకు చాలావరకు మూసివేసిన ఇస్తిక్లాల్ వీధిలోనూ మొదలవుతుంది. మరో సాయంత్రం బాస్ఫరస్ జలసంధి దాటి ఆసియా వైపున్న కదికోయ్‌లో నడుస్తుంది. మ్యాపు మీద ఈ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ మధ్యలో ఉన్నది నీరు. గలాతా వంతెన మీదుగా ట్రామ్ ఉంది, కరాకోయ్ నుంచి కొండ మీదికి 1875 నాటి త్యునెల్ సొరంగ రైలు ఉంది, జలసంధి అడుగున 2013లో ప్రారంభమైన మర్మరాయ్ రైలుమార్గం ఉంది. పగలు ఇవన్నీ చక్కగా పనికొస్తాయి. రాత్రి మాత్రం ఏది ఎంతవరకు నడుస్తుందో లెక్క చూసుకుంటూ కూర్చోవాలి. మిత్రబృందం బెయోలూలో దిగి, పగలు సుల్తానహ్మెత్‌కు ట్రామ్‌లో వెళ్లి రావడమే తెలివైన పని. ఎక్కువసార్లు, ఎక్కువ అలసటతో, ఎక్కువ చీకట్లో నడిచే దారి ఏదో దాన్నే పొట్టిగా ఉంచుకోవాలన్న సూత్రం ఏ ఊరికైనా వర్తిస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో మోసపుచ్చేవి వ్యాపార కేంద్రాలు. వారాంతంలో అక్కడి పెద్ద హోటళ్లలో గదులు ఆశ్చర్యపోయేంత చవకగా దొరకవచ్చు, కారణం సులభంగానే ఊహించవచ్చు: ఆఫీసు పనిమీద వచ్చేవారు శుక్రవారంతో ఖాళీ చేసి వెళ్తారు. లండన్ నడిబొడ్డున ఉన్న వ్యాపార ప్రాంతం ‘సిటీ ఆఫ్ లండన్’ విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లలోపే. రోజూ పనికి వచ్చేవారు లక్షల్లో ఉంటే, 2021 జనగణనలో తేలిన స్థిర నివాసులు పది వేలలోపే. అలాంటి చోట ఆదివారం సాయంత్రం గ్లాసు గోడల మధ్య నడవడం ఫోటోలకు బాగుంటుంది, నలుగురు కలిసి కూర్చోవడానికి మాత్రం తలుపు తెరిచి ఉన్న చోటు వెతకాల్సి వస్తుంది. రైల్వే స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ల సంగతి కొంత భిన్నం. రైళ్ల కాలంలో స్టేషన్లకు ఆనుకునే ఘనమైన హోటళ్లు కట్టారు. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ ముఖద్వారంగా నిలిచిన మిడ్‌ల్యాండ్ గ్రాండ్ 1873లో తెరుచుకుని, 1935లో మూతపడి, 2011లో వేరే పేరుతో మళ్లీ హోటలైంది. వేర్వేరు ఊళ్ల నుంచి రైళ్లలో వచ్చే బృందానికి స్టేషన్ ప్రాంతం సౌకర్యమే. అయితే ఆ సౌకర్యం వచ్చే రోజుకు, వెళ్లే రోజుకు పరిమితం. మధ్యలోని రోజులకు పనికొస్తుందా అన్నది విడిగా చూసుకోవాలి.

నడక దూరం అనే మాటను హోటళ్లు చాలా ఉదారంగా వాడతాయి. ఈ విషయంలో జపాన్ ఇళ్ల ప్రకటనల నియమం అనుసరించదగ్గది: అక్కడ స్టేషన్ నుంచి ఇంటికి ‘ఇన్ని నిమిషాల నడక’ అని రాయాలంటే 80 మీటర్లను ఒక నిమిషంగా లెక్కకట్టాలి. అదీ గాలిలో గీసిన గీత మీద కాదు, నడిచే దారి మీద. ఈ లెక్కన పది నిమిషాలంటే 800 మీటర్లు. రాత్రివేళ, కబుర్లాడుకుంటూ, గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగంతో వెళ్తే అదే దూరానికి పదిహేను నిమిషాలు పడుతుంది. దానికి మించితే ఎవరో ఒకరు క్యాబ్ మాటెత్తుతారు, బృందం రెండుగా చీలుతుంది. కాబట్టి సాయంత్రాలు గడిపే వీధికి 800 మీటర్లలోపు బస అనేది సహేతుకమైన హద్దు.

మ్యాపు మీద సరళరేఖ ఈ లెక్కను ఎప్పుడూ తక్కువ చేసి చూపిస్తుంది. గళ్లుగళ్లుగా వీధులున్న నగరంలో ఒక మూల నుంచి మరో మూలకు వెళ్లాలంటే సరళరేఖ కన్నా గరిష్ఠంగా 41 శాతం ఎక్కువ నడవాలి. నది, రైలు పట్టాలు, ఎక్స్‌ప్రెస్ రోడ్డు అడ్డొస్తే ఆ హద్దు కూడా ఉండదు. ‘రెండు వీధుల అవతల’ అనే వర్ణనైతే మరీ జారుడు మాట. న్యూయార్క్ మన్‌హటన్‌లో ఉత్తర దక్షిణాలుగా ఒక్కో బ్లాకు సుమారు 80 మీటర్లుంటే, తూర్పు పడమరలుగా చాలాచోట్ల దానికి రెండు మూడు రెట్లుంటుంది. ఎత్తుపల్లాల గురించి ఏ సైటూ చెప్పదు. వీధి ఫోటోలు చూపించే మ్యాపు సేవలో రెస్టారెంట్ నుంచి హోటల్ గుమ్మం దాకా తెర మీద నడిచి చూస్తే మెట్లు, దీపాలు లేని సందులు, కాలిబాట తెగిపోయే చోట్లు బయటపడతాయి. ఆ దారిని ఒంటరిగా తిరిగొచ్చే మహిళ కళ్లతో చూడటం బృందంలో ప్రతి ఒక్కరూ చేయవలసిన పని. ఎంత మంది కలిసి బయల్దేరినా, ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు ముందుగా వెనక్కి రావాల్సి వస్తుంది.

నడక సాధ్యం కానప్పుడు ఆధారం రాత్రి రవాణా. న్యూయార్క్ సబ్‌వే, కోపెన్‌హాగన్ మెట్రో రోజంతా నడుస్తాయి. లండన్‌లో 2016 ఆగస్టు నుంచి కొన్ని లైన్లలో శుక్ర, శనివారాల్లో రాత్రంతా రైళ్లున్నాయి, మిగతా రోజుల్లో లేవు. టోక్యోలో అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆగిపోయే రైళ్లు మళ్లీ ఉదయం ఐదు ప్రాంతంలో మొదలవుతాయి. చివరి రైలు వేళను బట్టే అక్కడ సాయంత్రాలు ముగుస్తాయి. మెట్రో స్టేషన్ హోటల్ పక్కనే ఉందన్న సమాచారం సగం సమాచారమే. అది ఏ లైను, ఆ లైన్లో చివరి రైలు ఎప్పుడు, సాయంత్రాలు గడిపే చోటికి రైలు మారకుండా వెళ్తుందా అన్నవి మిగతా సగం. రాత్రిపూట రైలు మారడమంటే ఖాళీ ప్లాట్‌ఫారం మీద పావుగంట నిరీక్షణ.

కలుసుకునేవారిలో కొందరు ఆ నగరవాసులే అయితే లెక్క మరోలా ఉంటుంది. అందరి ఇళ్లకూ సమదూరంలో హోటల్ తీసుకోవాలనే ఆలోచన న్యాయంగా కనిపిస్తుంది కానీ, మ్యాపు మీద ఆ మధ్యబిందువు తరచూ ఏ ఫ్లైఓవర్ కిందో, ఏ గోదాముల మధ్యో తేలుతుంది. ఎవరికీ దూరం కాని ఆ చోటు ఎవరి దారిలోనూ ఉండదు. నగరవాసులు పని ముగించుకుని ఇంటికి వెళ్లే దారిలో తగిలే పెద్ద జంక్షన్ స్టేషన్ దగ్గర, చుట్టూ కూర్చునే చోట్లున్న ప్రాంతంలో బస ఉంటే, ప్రత్యేకంగా బయల్దేరి రావాల్సిన కలయిక దారిలో ఆగే కలయికగా మారుతుంది. రోజూ ఉద్యోగానికి వెళ్తూ అతిథుల కోసం సమయం తీసేవారికి ఈ తేడా ఎంత పెద్దదో, సెలవులో ఉన్నవారు అంత సులభంగా గ్రహించలేరు. బంధువుల ఇంటి పక్కనే హోటల్ తీసుకోవడం గురించి కూడా ఒక మాట. అది పెద్దవారు, పసిపిల్లలు ఉన్న ఇళ్ల విషయంలో సరైన ఎంపిక, మిగతా సందర్భాల్లో ఇరువైపులా ఊపిరాడనివ్వకపోవచ్చు.

సరైన వీధి దొరికాక చూడవలసింది హోటల్ కింది అంతస్తు. హోటల్ అంటే గదులతో పాటు నలుగురూ కూర్చునే విశాలమైన స్థలం అన్న భావన పాతదే. 1829లో బోస్టన్‌లో తెరిచిన ట్రెమాంట్ హౌస్, తాళం వేసుకోగల సొంత గదులకూ, ఘనమైన ఉమ్మడి గదులకూ కూడా పేరు పొందింది. ఆ తర్వాతి కాలంలో చాలా హోటళ్లకు లాబీ దాటిపోయే స్థలంగా మిగిలింది. 2009లో న్యూయార్క్‌లో తెరిచిన ఏస్ హోటల్ లాబీ నడుమ పొడవాటి ఉమ్మడి బల్ల వేసి, బస చేయనివారినీ కూర్చోనిచ్చాక ఆ పద్ధతిని అనుసరించిన హోటళ్లు ఎన్నో వచ్చాయి. ఫోటోల్లో గమనించవలసింది దీపాలంకరణ కాదు, కుర్చీల అమరిక. సోఫాలన్నీ గోడకు ఆనించి ఒకే దిక్కుకు తిరిగి ఉంటే అది టాక్సీ కోసం ఎదురుచూసే చోటు. ఎదురెదురుగా, కదిల్చి దగ్గరకు లాక్కునే వీలుగా ఉంటే మాటలకు చోటు. న్యూయార్క్ కూడళ్లను 1970లలో కెమెరాతో ఓపికగా పరిశీలించిన విలియమ్ వైట్ కూడా కదిలే కుర్చీల విలువను నొక్కి చెప్పారు. జనం జనాన్ని చూసే ఆగుతారని, మాట్లాడుకునేవారు దారి మధ్యలోనే నిలబడిపోతారని ఆయన గమనించారు. లిఫ్టుకు, వీధి గుమ్మానికి మధ్య దారిలో పడే లాబీలో బృందం దానంతటదే పోగవుతుంది. ఇరవయ్యో అంతస్తులో ఉన్న లాబీ ఎంత అందంగా ఉన్నా అక్కడికి పనిగట్టుకుని వెళ్లాలి. బస చేయని స్నేహితులను రాత్రి ఎన్నింటి వరకు అనుమతిస్తారో, లిఫ్టుకు కీ కార్డు తప్పనిసరా అన్నది ముందే ఫోన్ చేసి అడగాలి. సైటులో ఈ సమాధానాలు ఉండవు.

ఒంటరిగా వెళ్లి పరిచయాలు కోరుకునేవారికి, ఉమ్మడి గదిలో మంచం చొప్పున బస ఇచ్చే ప్రయాణికుల హాస్టళ్లు ఉండనే ఉన్నాయి. జర్మన్ ఉపాధ్యాయుడు రిషార్ట్ షిర్మన్ 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ ప్రారంభించారు. వాటి ఉమ్మడి గదులు ఇప్పటికీ కొత్తవారితో మాట కలపడానికి సులువైన చోట్లే. డార్మిటరీ నిద్ర పడనివారు చాలా హాస్టళ్లలో దొరికే విడి గది తీసుకోవచ్చు.

సాయంత్రం సందడికి దగ్గరైతే నిద్రకు దూరమవడం సహజం, ఇది తప్పించుకోలేని బేరం. కానీ శబ్దం దూరంతో చాలా వేగంగా తగ్గుతుంది, మధ్యలో ఒక వరస భవనాలుంటే ఇంకా తగ్గుతుంది. అందుకని సందడి వీధి మీద కాకుండా, దాన్నుంచి మళ్లిన రెండో సందులో, లోపలి ప్రాంగణం వైపు తిరిగిన గది అడగడం అనుభవజ్ఞులు చేసే పని. వాహనాల్లేని నడక వీధులు ఈ విషయంలో కొంత తెరిపి. కోపెన్‌హాగన్ 1962లో స్ట్రోయెట్ వీధిని పాదచారులకు కేటాయించిన తర్వాత ఎన్నో నగరాలు ఆ దారి పట్టాయి. అయితే తెల్లవారుజామున సరుకు బండ్లకు అనుమతి ఉండే నడక వీధిలో ఐదున్నరకే ఇనుప షట్టర్ల మోత మొదలవుతుంది. రివ్యూలలో ‘శబ్దం’ అనే మాటను వెతికి, అది ఏ వేళ శబ్దమో చదవాలి. రాత్రి ఒంటిగంట దాకా వీధిలో మాటలు వినిపించాయన్న ఫిర్యాదు, ఆ వేళకు తామూ ఆ వీధిలోనే ఉండబోయేవారికి అసలు ఫిర్యాదే కాదు.

ఇలాంటి వీధుల్లో గదులు కోరినన్ని దొరకవు. బార్సిలోనా 2017లో ఆమోదించిన ప్రణాళికతో నగర మధ్యభాగంలో కొత్త పర్యాటక వసతులకు అడ్డుకట్ట వేసింది. ఆమ్‌స్టర్‌డామ్ 2024లో పాత హోటల్ ఒకటి మూతపడితే తప్ప కొత్తది కట్టకూడదని నియమం పెట్టింది. స్థానికుల ఇబ్బంది నుంచి పుట్టిన ఈ నిబంధనల వల్ల మంచి స్థానంలోని గది చిన్నదిగా, ఖరీదుగా ఉంటుంది. ఇక్కడే ఎక్కువమంది పెద్ద గది, స్విమ్మింగ్ పూల్ చూసి దూరానికి మొగ్గుతారు. పోల్చవలసింది రెండు గదుల అద్దెలను మాత్రమే కాదు. దూరపు హోటల్ అద్దెకు రోజువారీ రాకపోకల ఛార్జీలు, ముఖ్యంగా రాత్రిపూట పెరిగే క్యాబ్ ధరలు కలిపి, మధ్యాహ్నం గదికి వెళ్లలేక వృథాగా తిరిగే రెండు గంటలను కూడా లెక్కలో వేసుకున్నాక పోల్చాలి. గదిలో మెలకువగా గడిపే సమయమే తక్కువైన సెలవులో చదరపు అడుగులకు పెట్టే డబ్బు కన్నా వీధికి పెట్టే డబ్బుకు ఎక్కువ ఫలం దక్కుతుంది.

బృందంగా వెళ్లేటప్పుడు అందరూ ఒకే హోటల్‌లో దిగడం మంచిదే, కానీ స్తోమతలు వేరైనప్పుడు పట్టుబట్టకూడదు. ఒకే వీధిలో రెండు స్థాయుల హోటళ్లు ఎంచుకుని, లాబీ బాగున్న హోటల్‌ను కలుసుకునే చోటుగా పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. చివరి నిమిషంలో ఒకరిద్దరు మానుకోవడం ప్రతి బృందంలోనూ జరిగేదే కనుక, ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఉన్న ధరకే గదులు పట్టుకుని, ఆ గడువుకు రెండు రోజుల ముందు అందరినీ అడిగి నిర్ధారించుకోవడం బుక్ చేసే మనిషి బాధ్యత. గదులన్నీ ఒకే అంతస్తులో కావాలన్న కోరికను బుకింగ్ సమయంలో రాసి వదిలేయకుండా, చెక్‌ఇన్‌కు ముందు రోజు రిసెప్షన్‌కు ఫోన్ చేసి గుర్తు చేయాలి. గదుల కేటాయింపు చాలాచోట్ల ఆ రోజే జరుగుతుంది.